ఎంటర్ కొట్టని మాట

తోళ్ళ ఫ్యాక్టరీలో ఆమెని అందరూ సర్వరమ్మ అనేవాళ్ళు. చాటుగా కాదు, ఎదురుగానే అనేవాళ్ళు. ఆఫీసు మేడ కింద కిటికీ లేని చిన్న గదిలో సర్వర్ ఉంటుంది, దాని పక్కన శాలువా కప్పుకుని ఈమె ఉంటుంది. ఆ గది ఎప్పుడూ చల్లగా ఉండాలి కాబట్టి మండుటెండల్లో కూడా ఆ శాలువా వదలదు. "రేపు కట్టుకున్నవాణ్ణయినా ఇంత జాగ్రత్తగా చూసుకుంటుందో లేదో" అని డ్రమ్ముల షెడ్డులో వేళాకోళం. ఆ వేళాకోళం మొదలుపెట్టింది పరాయివాళ్ళు కాదు, సొంత తమ్ముడే.

షెడ్డులో ఆరు డ్రమ్ములు. రెండు నిలువుల ఎత్తున్న చెక్క పీపాల్ని అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉంటాయి. వాటి కడుపులో సగం దాకా పచ్చితోళ్ళు, సున్నం నీళ్ళు. తోళ్ళు యాభై అయిదు నిమిషాలు నానాలి, అయిదు నిమిషాలు తిరగాలి, మళ్ళీ నానాలి. రెండు రోజులు ఇదే వరస. వేళ చూసుకుని డ్రమ్ముని తిప్పేది సర్వర్‌లో నడిచే ప్రోగ్రాం. షెడ్డు మూల టెర్మినల్ అనే తెరా కీబోర్డూ ముందు కూర్చుని ఆ ప్రోగ్రాంకి ఆజ్ఞలిచ్చేది తమ్ముడు. ఇరవై ఆరేళ్ళవాడు. ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు, నోరు మాత్రం ఇంత.

షెడ్డులో తడి ఎక్కువ. టెర్మినల్ నుంచి సర్వర్ దాకా వచ్చే తీగలో కనెక్షన్ రోజుకి నాలుగుసార్లు తెగేది. అందుకే ఏ పనైనా సెషన్‌లో పెట్టి నడపమని ఆమె తమ్ముడికి నేర్పింది. సెషన్ అంటే సర్వర్ లోపల ఒక గది అనుకోండి. తీగ తెగితే గది తలుపు మూసుకుంటుందంతే, లోపలి పని లోపల నడుస్తూనే ఉంటుంది. ఎవరైనా వచ్చి ఆ తలుపు మళ్ళీ తెరిస్తే ఎక్కడ వదిలారో అక్కడే కనపడుతుంది, సగం టైపు చేసి వదిలేసిన అక్షరంతో సహా. "తెగిందే గానీ చావలేదురా, వెతికి పట్టుకో" అని వాడికి వందసార్లు చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. డ్రమ్ములు నడిచే సెషన్‌ని వెతుక్కుని తగులుకునేవాడు గానీ, మిగతావన్నీ మూయకుండా వదిలేసేవాడు. పేరు పెట్టడు, మూయడు. వాడి పేరు మీద అనాథ సెషన్లు పది పదిహేను ఎప్పుడూ వేలాడుతూ ఉండేవి.

పోనీ అన్నిటినీ ఒక్క వేటుకి చంపేద్దామా అంటే, అది కుదరదు. ప్రతి డ్రమ్ముకీ కంపెనీవాళ్ళు ఒక పెట్టె బిగించారు. సర్వర్ నుంచి మాట ఆగిపోతే ఆ పెట్టె డ్రమ్ముని తనంతట తానే తిప్పడం మొదలుపెడుతుంది. ఎందుకంటే తోళ్ళు కదలకుండా పడుంటే మచ్చలు పడతాయి. డ్రమ్ములో తోళ్ళు తప్ప ఇంకేమైనా ఉండొచ్చన్న సంగతి ఆ పెట్టెకి ఎవరూ చెప్పలేదు. కాబట్టి తెగిన సెషన్‌ని చూడకుండా చంపకూడదు. లోపలికి వెళ్ళి, ఏం నడుస్తోందో చూసి, మర్యాదగా ఆపాలి. అది ఆమె పెట్టిన చట్టం.

ఆ రోజు మధ్యాహ్నం, మూడుకి పన్నెండు నిమిషాలుందనగా, ఆమె తెర మీద ఒక ముక్క పడింది. షెడ్డు టెర్మినల్ తెగింది.

"మళ్ళీ మొదలైంది వీడి గోల" అనుకుంది. లేవలేదు. వాడే ఫోన్ చేస్తాడులే అని టీ తాగుతూ కూర్చుంది. తాగడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఆ రెండు నిమిషాలే ఆమెని బతికినన్నాళ్ళూ తిన్నాయి.

మూడో నిమిషంలో అరుపులు వినపడ్డాయి. పరుగెత్తింది.

జరిగింది ఇది. నాలుగో డ్రమ్ము మూత దగ్గర ఒక తోలు ఇరుక్కుంది. షెడ్డు సూపర్వైజర్‌ని అందరూ కొక్కెం అంటారు. తోళ్ళు లాగే బారెడు ఇనపకొక్కెం అన్నం తినేటప్పుడు కూడా అతని పక్కనే ఉంటుంది. అతను తోళ్ళు లాగే ఆడమనిషిని పిలిచి, నడుం దాకా లోపలికి వంగి ఆ తోలు పీకమన్నాడు. ఆమెని షెడ్డంతా పిన్ని అంటారు. డ్రమ్ము తిరగడానికి ఇంకా మూడు నిమిషాలుంది. తమ్ముడు టెర్మినల్ దగ్గర నుంచే అరిచాడట, "ఆగండి, ఆపుతున్నా. ఆపాకే లోపలికి పంపండి" అని.

"ఆపితే మచ్చలు పడతాయి. మచ్చ పడితే నీ ఒంటి తోలు ఒలిచి ఇస్తావురా?" అన్నాడు కొక్కెం.

"ఎద్దు పుండు కాకికి ముద్దు! లోపలున్నది మీ చెల్లెలైతే ఇలాగే అంటారా?" అన్నాడు వీడు, కీల మీద చేతులు తీయకుండా. ఆ నోరే వాడి కొంప ముంచింది. కొక్కెం వెనక నుంచి కాలర్ పట్టి లాగాడు. ఇనపకొక్కెంతో వేసిన మొదటి దెబ్బ టెర్మినల్‌కి తగిలింది, పెనుగులాటలో రెండోది భుజానికి.

సర్వరమ్మ వెళ్ళేసరికి మూడో దెబ్బ పడుతోంది. తలకి. తడిసిన దుంగ మీద గొడ్డలి పడ్డట్టు చప్పుడైంది. తమ్ముడు సున్నం నీళ్ళలో బోర్లా పడ్డాడు. ఆ తెల్లటి నీళ్ళలో ఎరుపు చారలు చారలుగా పాకింది. అవతల పిన్నిని ఇద్దరు కాళ్ళు పట్టి బయటికి ఈడ్చారు, అప్పటికే డ్రమ్ము కదిలింది. ఆమె మోచేయి కింద చెయ్యి తనది కానట్టు వేలాడుతోంది. నాలుగో డ్రమ్ము ఇదేమీ పట్టనట్టు తన వేళకి తాను గుభీ గుభీమని తిరిగింది.

అక్క కొక్కెం మీదకి దూకింది. గోళ్ళతో మొహం చీరింది. అతను ఒక్క తోపు తోస్తే వెళ్ళి గోడకి కొట్టుకుంది. అప్పుడు లేచారు షెడ్డులోవాళ్ళంతా.

ఆ షెడ్డుకి మేస్త్రీ ఈ అక్కాతమ్ముళ్ళ మేనమామే. తండ్రి పోయాక ఈ ఇద్దర్నీ ఎత్తుకుని పెంచినవాడు. పిల్లలు లేని మనిషి, ఆ తమ్ముణ్ణి కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాడు. మావయ్య ఆ ఇనపకొక్కేన్ని లాక్కుని, దాన్ని పట్టుకు తిరిగేవాడి వైపైనా చూడకుండా, ముందు మేనల్లుణ్ణి రెండు చేతుల మీద మోసుకెళ్ళి వ్యాన్‌లో పడుకోబెట్టాడు. పిన్నిని పక్కన ఎక్కించాడు. ఈమె కూడా ఎక్కబోతే రెక్క పట్టుకుని ఆపాడు.

"నువ్వు కాదు. నువ్వు వెళ్ళి ఆ సర్వర్ గదిలో తలుపేసుకుని కూర్చో. ఏం జరిగిందో అందులో రాసుంటుందిగా? ఈ ఆఫీసు దొంగవెధవలు మేడ మీద నుంచి దిగొచ్చి అదంతా చెరిపేస్తారు. ఎవరొచ్చినా తియ్యకు."

"మావయ్యా, వాడికి..."

"ఊపిరి ఉందే. బతుకుతాడు. వెళ్ళు."

వెళ్ళింది. తలుపు గడియ పెట్టుకుంది. శాలువాకి తమ్ముడి రక్తం అంటింది, ఆ గది చల్లదనానికి అది అట్ట కట్టింది.  

మూడున్నరకి మావయ్య ఫోన్ చేశాడు. వెనకాల అరుపులు, ఇనుము మీద ఇనుము మోత.

"అమ్మాయ్, నీ తమ్ముణ్ణి కొట్టినవాడు ఎక్కడున్నాడో తెలుసా? నాలుగో డ్రమ్ములో. కాళ్ళు రెండూ విరగ్గొట్టి పడేశాం. మూత బోల్టులు నా చేత్తో బిగించాను." ఆయన గొంతు పెళ్ళిపందిట్లో ఉన్నవాడిలా ఉంది. "పదితక్కువ నాలుగుకి తిరుగుతుందిగా? తిరుగుతుందిగా, అమ్మాయ్?"

"తిరుగుతుంది" అంది. అనేసి, "మంచి పని చేశారు" అని కూడా అంది. అబద్ధం ఎందుకు, ఆ క్షణాన ఆమెకి కడుపు చల్లబడింది. సగం డ్రమ్ము తోళ్ళతో, సున్నం నీళ్ళతో కలిసి మనిషి అయిదు నిమిషాలు తిరిగితే ఏమవుతాడో ఆమెకి తెలుసు. అదే కావాలనిపించింది.

ఫోన్ పెట్టేశాక పట్టుకుంది అసలు భయం.

నాలుగో డ్రమ్ముని తిప్పే ప్రోగ్రాం ఎవరి సెషన్‌లో ఉంది? తమ్ముడి సెషన్‌లో. పొద్దున్న దాన్ని మొదలుపెట్టింది వాడు, తన పేరుతో. ఆ డ్రమ్ములో మనిషి చస్తే, చంపిన చెయ్యి ఎవరిదని రాసుంటుంది? ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచినవాడికి ముందు కనపడేది పోలీసులే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? మళ్ళీ మావయ్యకి ఫోన్ చేసింది.

"మావయ్యా, తియ్యండి వాణ్ణి. ఆ ప్రోగ్రాం తమ్ముడి పేరు మీద నడుస్తోంది. కేసు వాడి మెడకి చుట్టుకుంటుంది."

"చెరిపెయ్యి."

"చెరిగేది కాదు. రాసింది రాసినట్టు అప్పటికప్పుడు కంపెనీ పెద్దాఫీసుకి వెళ్ళిపోతుంది."

"అయితే వెళ్ళనీ. మేమందరం చెబుతాం మేమే వేశామని."

"యాభైమంది చెప్పినా కాగితం మీద ఒక్కడి పేరే ఉంటుంది మావయ్యా! నేను ఆపేస్తున్నా."

 "ఆపావో, నువ్వు నా అక్క కూతురివే కాదు" అన్నాడు. తర్వాత అడుగుల చప్పుడు. ఆయన నడుస్తున్నాడు, ఇటే వస్తున్నాడు.

కరెంటు తీయించే దారి లేదు. ఆ తాళాలు ఎలక్ట్రీషియన్ మొలకున్నాయి, అతను ఆ గుంపులోనే ఉన్నాడు. తీసినా జనరేటర్ రెప్పపాటులో అందుకుంటుంది. ఆపడానికి డ్రమ్ము పక్కనుండే ఎర్ర బొత్తాన్ని కొక్కెం ఎప్పుడో పీకించి పారేశాడు. మిగిలింది ఒకటే, ఆ సెషన్‌ని వెతికి పట్టుకోవడం.

తమ్ముడి పేరు మీద ఉన్న సెషన్లని అడిగింది. తెర మీద వరసగా పడ్డాయి. పద్నాలుగు. అన్నిటి పక్కనా ఒకటే మాట, తెగింది. ఒక్కదానికీ పేరు లేదు, అంకెలు తప్ప. "ఒరే నీ బద్ధకం తగలెయ్యా" అని పైకే తిట్టింది. ఎవరి సెషన్‌లోకైనా వెళ్ళగలిగే అధికారం సర్వర్ మొత్తానికి ఆమె ఒక్కదానికే ఉంది. టైము మూడూ ముప్పై ఆరు.

మొదటిది తెరిచింది. ఖాళీ. రెండోది ఖాళీ. మూడోదాంట్లో పాము ఆట, సగంలో ఆగి ఉంది. పని వేళలో పాము ఆట! నాలుగోది, అయిదోది ఖాళీ. ఆరోదాంట్లో ఒకటో డ్రమ్ము. ముట్టుకోకుండా బయటికొచ్చింది. ఏడోదాంట్లో ఏదో రాసుకుని మూయడం మరిచాడు. "అక్కని అడగాలి. ఒకటి, తీగ ఎందుకు తెగుతోంది. రెండు, నా మీద ఎందుకు అరుస్తోంది. మూడు, శాలువా మాసింది, కొత్తది కొంటే తిడుతుందా."  చదవడానికి ఇది వేళ కాదని దాటేసింది.

బయట తలుపు మీద గుద్దు పడింది. "తియ్యవే!" మావయ్య గొంతు.

ఎనిమిది ఖాళీ. తొమ్మిది తెరిచింది.

తెర మీద నాలుగో డ్రమ్ము. తిరగడానికి ఇంకా పది నిమిషాల ఎనిమిది సెకన్లు. ఆ అంకె సెకనుకొకటి తగ్గుతోంది. దాని కింద ఆజ్ఞలు రాసే చోట, తమ్ముడు టైపు చేసి వదిలేసిన రెండు మాటలు.

స్టాప్ 4

ఆ నాలుగు పక్కన కర్సర్ వెలుగుతూ ఆరుతూ ఉంది. వాడు ఎంటర్ కొట్టలేదు. కొట్టేలోపలే కాలర్ పట్టి లాగేశాడు ఆ రాక్షసుడు. ఆమెకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. చేతులు తీయకుండా అరిచాడని అందరూ చెప్పారు గదా, అప్పుడు వాడు చేస్తున్నది ఇదీ. ఒక్క అరసెకను తేడా. ఆమె వేలు ఎంటర్ మీదకి వెళ్ళింది.

తలుపు విరిగింది.

మావయ్య ఆ ఇనపకొక్కెం చేత పట్టుకుని లోపలికొచ్చాడు. చొక్కా అంతా సున్నం, రక్తం.  కొక్కేన్ని ఎత్తి తెర మీద వేశాడు. గాజు పేలింది. రెండో వేటు కీబోర్డ్ మీద పడింది, దాని మీదున్న ఆమె కుడిచెయ్యి మీద కూడా పడింది. వేళ్ళు విరిగిన చప్పుడు ఆమెకి ముందు వినపడింది, నొప్పి తర్వాత వచ్చింది. కెవ్వుమంది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే!" అని అరిచాడు. "నువ్వు వాడి అక్కవేనా? వాడు నీ తమ్ముడి బుర్ర పగలగొడితే నువ్వు వాడికి ప్రాణం పోస్తావా?"

"ప్రాణం పోసేది తమ్ముడికి!" అని ఆమె అంతకంటే గట్టిగా అరిచింది. "మూర్ఖంగా చేతికొచ్చినట్టు కొట్టడమేనా, చెప్పేది వినవా?"

ఆయన తీగలు పట్టి ఊడబెరికాడు. బల్ల తిరగబడింది. ఆయన దృష్టిలో పని అయిపోయింది. తెర పగిలితే లోపలిది కూడా చస్తుందని నమ్మే మనిషి. అక్కడే తప్పాడు. ఆమె వైపు నుంచి తలుపు మూసుకుంది గానీ, తొమ్మిదో సెషన్ చావలేదు.

సర్వర్ బీరువాలో నడుం ఎత్తున చిన్న తెర, దాని కింద అరలా లాగే కీబోర్డ్ ఉంటాయి. ఎప్పుడో గానీ వాడరు. ఆమె ఎడమచేత్తో ఆ అర లాగింది. మావయ్య జుట్టు పట్టుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగి ఆయన మణికట్టు కొరికింది, పళ్ళు దిగేదాకా. ఆయన చెంప పగిలేలా కొట్టాడు. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన చేతులవి. ఆమె కింద పడింది, లేచింది, మళ్ళీ బీరువా దగ్గరికే వెళ్ళింది. ఆయన మళ్ళీ ఈడ్చాడు. ఇద్దరూ గాజుపెంకుల మీద దొర్లారు. ఆయనకి అరవై ఏళ్ళు, ఆమెకి ఒక చెయ్యే పనిచేస్తోంది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

అప్పుడు ఆమె ఫోన్ మోగింది. నేల మీద, పెంకుల మధ్య. తెర మీద పిన్ని పేరు.

ఇద్దరూ ఆగిపోయారు. మావయ్య చెయ్యి చాపి స్పీకర్ నొక్కాడు.

  "అమ్మా" అంది పిన్ని. "చిన్నోడు పోయాడమ్మా. ఇప్పుడే. లోపలికి తీసుకెళ్ళారు గానీ... నా కోసం అరిచాడమ్మా వాడు. నా కోసం అరిచి పోయాడు."

మావయ్య ఆమె జుట్టు వదిలేశాడు. గోడకి జారగిలబడి, కొక్కెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి నోరు తెరిచి ఏడ్చాడు. మగవాళ్ళ ఏడుపు చూడలేం అంటారు, అది అక్షరాలా నిజం.

ఆమె ఏడవలేదు. లేచి బీరువా పట్టుకుని నిలబడింది. ఎడమచేతి ఒక్క వేలితో కొట్టుకుంటూ తన పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికెళ్ళింది. ఇప్పుడు వెతకక్కర్లేదు, అంకె తెలుసు. తొమ్మిదో సెషన్‌ని తగులుకుంది. అది ఎక్కడ వదిలిందో అక్కడే ఉంది.

తిరగడానికి ఒక నిమిషం నలభై సెకన్లు.

స్టాప్ 4

"ఇంకేముందే" అన్నాడు మావయ్య కింద నుంచి. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "చచ్చినవాణ్ణి జైల్లో పెడతారా? ఇప్పుడు ఎవడి పేరుంటే ఏంటి. తిరగనీ అమ్మాయ్. నీకు దణ్ణం పెడతాను, తిరగనీ."

నిజమే. ఆమె ఏ కారణానికైతే వేళ్ళు విరగ్గొట్టుకుందో ఆ కారణం ఆసుపత్రిలో గుడ్డ కప్పుకుని పడుకుంది. కాపాడడానికి ఇంక ఎవరూ లేరు. ఆపేవాళ్ళూ లేరు, చెయ్యి పట్టి లాగేవాళ్ళూ లేరు. డ్రమ్ములో వాడు చావాలి. ఎముక ఎముక నుజ్జు కావాలి, తోళ్ళలో కలిసి తోలైపోవాలి. మనసారా, నిండా, ఆమె అదే కోరుకుంది. వేలు తీసేసి కూర్చుంటే చాలు, ఏమీ చెయ్యకపోతే చాలు.

యాభై రెండు సెకన్లు. కర్సర్ వెలుగుతోంది, ఆరుతోంది. తర్వాతి అక్షరం కోసం ఓపిగ్గా కాచుక్కూర్చుంది, వాడు నీళ్ళు తాగడానికి లేచాడు, వచ్చేస్తాడన్నట్టు.

వాడు ఎవరి కోసం ఆపబోయాడు? పిన్ని కోసం. అవును. కానీ టైపు చేసినప్పుడు పిన్ని అని రాయలేదు. లోపల మనిషి ఉంది, డ్రమ్ము ఆగాలి, అంతే వాడికి తెలిసింది. ఆ రెండు మాటల కోసం తల పగలగొట్టించుకున్నాడు. ఇప్పుడీ డ్రమ్ము తిరిగితే ఆ రెండు మాటలూ ఎంటర్ పడకుండా అలాగే ఉండిపోతాయి. కొక్కెం మాటే చెల్లుతుంది. ఆపకూడదన్నాడు గదా వాడు, ఆగలేదు అని రాసుంటుంది, అదీ తమ్ముడి పేరు కింద.

ఇరవై ఏడు సెకన్లు.

"వాడి తల మీద ఒట్టు" అన్నాడు మావయ్య.

"వాడి తల ఎక్కడుంది మావయ్యా" అంది ఆమె. అప్పుడొచ్చింది ఏడుపు. ఏడుస్తూనే, ఆ రెండు మాటల్లో ఒక్క అక్షరం కలపకుండా, ఒక్కటీ తీయకుండా, ఎడమచేతి చూపుడువేలితో ఎంటర్ కొట్టింది.

అంకె పంతొమ్మిది దగ్గర ఆగింది. నాలుగో డ్రమ్ము ఆగింది అని కింద ఒక ముక్క పడింది. వాకిలి అవతల షెడ్డులో జనం ఎదురుచూస్తున్నారు. పదితక్కువ నాలుగు అయింది. అయిదు తక్కువ నాలుగు అయింది. డ్రమ్ము కదల్లేదు. అప్పుడు అక్కడి నుంచి ఒక అరుపు లేచింది. మావయ్య మాత్రం తల ఎత్తలేదు.

పోలీసులు వచ్చి బోల్టులు విప్పేసరికి సాయంత్రం అయిదు. కొక్కెం బతికే ఉన్నాడు. నడుం కింద చర్మం సున్నానికి ఊడి వస్తోంది, కాళ్ళు పనికిరావు. మూత తియ్యగానే, ఎవరూ అడక్కుండానే, "కొట్టాను, నేనే కొట్టాను, తియ్యండి నన్ను" అని ఏడ్చాడట. గంటన్నర ఆ చీకట్లో ఎప్పుడు తిరుగుతుందా అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాడు ఇంకేం అంటాడు. మావయ్య ఆ ఇనపకొక్కేన్ని తానే ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చి జీపెక్కాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ సర్వర్ గదికి వచ్చాడు. ఆమె చేతికి కట్టు, చెంప మీద నీలం. శవాన్ని ఇంకా ఇవ్వలేదు. మధ్యాహ్నం ఇస్తామన్నారు. అందాకా ఏం చెయ్యాలో తెలీక ఆమె ఇక్కడికొచ్చి కూర్చుంది. పెద్దాఫీసు నుంచి వచ్చిన చిట్టా కాగితం ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉంది, ఇంకో చేతిలో ఆసుపత్రి కాగితం.

"ఇదేదో నాకు బోధపడటం లేదమ్మా" అన్నాడు. "డ్రమ్ము ఆపింది మూడూ నలభై తొమ్మిదికి. ఆపినవాడి పేరు దగ్గర మీ తమ్ముడి పేరుంది. కానీ అతను పోయింది మూడూ నలభై ఒకటికి. ఎనిమిది నిమిషాల ముందే పోయినవాడు డ్రమ్ము ఎలా ఆపాడు?"

ఆమె బీరువా తెర వైపు చూసింది. పాతవన్నీ పొద్దున్నే ఒక్కొక్కటీ తెరిచి, చూసి, మూసేసింది. పాము ఆట కూడా. రెండే మిగిల్చింది. ఒకటి ఏడోది, ఇంకోటి తొమ్మిదోది.

"ఆపింది వాడేనండి" అంది. "వాడు టైపు చేసిపెట్టే వెళ్ళాడు. నేను ఎంటర్ ఒక్కటే కొట్టాను."